బెత్తెడు కుడికి

మా వీధి చరిత్రను ఎవరైనా రాయదలచుకుంటే దాన్ని మూడు యుగాలుగా విభజించక తప్పదు. రాజులూ యుద్ధాలూ మా వీధి దాకా రాలేదు కాబట్టి ఈ విభజనకు ఆధారం ఒక్కటే. అది డ్రైవింగ్ మాస్టారు రోజూ పొద్దున్నే తన కారును నొక్కే అలవాటు.

మాస్టారు ఇంట్లోంచి బయటికి వచ్చి కారు ముందు ఎడమ మూల దగ్గర నిలబడేవారు. చొక్కా చేతులు పైకి మడిచేవారు. రెండు అరచేతులూ మడ్‌గార్డు మీద ఆనించి, ఒంట్లోని బరువంతా దాని మీద వేసి, ఒక్క అదుము అదిమి వదిలేసేవారు. వదిలాక ఏం జరిగిందన్నదే యుగలక్షణం. తొలి యుగంలో కారు పైకి లేచి, లేచిన చోట బుద్ధిగా ఆగిపోయేది. మధ్యయుగంలో పైకి లేచి, మళ్ళీ ఒకసారి వంగి, కాస్త ఆలోచించుకుని ఆగేది. ఈ కథ జరిగిన మలి యుగంలో మాస్టారు నొక్కి వదిలి, చేతులు దులుపుకుని, అద్దం తుడిచి, చుట్టూ తిరిగొచ్చి ఎడమ సీట్లో కూర్చునే దాకా కారు తలూపుతూనే ఉండేది. ఎదురింటి టైలరు ఆ ఊపు ఆగాకే మిషను తొక్కడం మొదలుపెట్టేవాడు. అతని గోడ గడియారం ఆగిపోయి చాలా కాలమైంది.

ఈ నొక్కుడుకి మెకానిక్కుల శాస్త్రంలో ఒక అర్థం ఉంది. చక్రానికీ బండికీ మధ్య షాకబ్జరని ఒకటి ఉంటుంది. అది బాగుంటే నొక్కిన బండి ఒక్కసారి లేచి ఆగాలి. ఆగకుండా ఊగుతోందంటే షాకబ్జరు పోయిందన్నమాట. తొలి యుగంలో ఈ సంగతి నలుగురికీ విడమరచి చెప్పింది మాస్టారే. మలి యుగానికి వచ్చేసరికి ఆచారం మిగిలింది, అర్థం జారిపోయింది. కారు తలూపుతున్నంతసేపూ సంతృప్తిగా చూసి, "బండి హుషారుగా ఉంది" అని లోపలికి కేకేసి చెప్పేవారు.

మాస్టారిది డ్రైవింగ్ స్కూలు. స్కూలంటే ఆ కారే. తరగతి గదీ, ఆఫీసూ, నెత్తిమీద బోర్డూ అన్నీ అందులోనే. ఎడమ సీటు కింద ఆయనకి సొంత బ్రేకు ఒకటి ఉండేది. అందుకే ఊళ్ళో ఆయన్ని బ్రేకు మాస్టారు అనేవారు. ఇక ఆకారం విషయానికొస్తే, లావనడం మర్యాద కాదు, సన్నమనడం అబద్ధం. ఆయన ఎక్కగానే కారు ఎడమకి వంగి నమస్కారం పెట్టేది. దిగగానే నిట్టూర్చి నిటారుగా నిలబడేది.

ఆయన బోధనలో రెండు సూత్రాలుండేవి. బండి తిన్నగా వెళ్ళాలంటే స్టీరింగు బెత్తెడు కుడికి తిప్పి పట్టుకోవాలనేది మొదటిది. స్పీడ్ బ్రేకరు వస్తే సీట్లోంచి కాస్త పైకి లేవాలనేది రెండోది. ఎందుకని ఎవరూ అడగలేదు. డబ్బు కట్టి నేర్చుకునే చదువులో ఎందుకని అడిగే అలవాటు మా ఊళ్ళో లేదు. దాంతో ఊళ్ళో సగం మంది అలాగే తయారయ్యారు. పళ్ళ డాక్టరు కొత్త కారు కొన్నాడు. దాంట్లో స్పీడ్ బ్రేకరు ఎక్కినట్టే తెలియదు. అయినా అది దగ్గర పడేసరికి వెనక అద్దంలోంచి ఒక తల గౌరవంగా లేచి మళ్ళీ కూర్చోవడం కనిపించేది. బ్యాంకు మేనేజరూ అంతే, మందుల షాపావిడా అంతే. తల లేచిందంటే మాస్టారి శిష్యులన్నమాట. కొత్త బళ్ళలో వీళ్ళంతా మొదట్లో కుడివైపు గోడలకు రాసుకునేవాళ్ళు. కొన్నాళ్ళకి, కొత్త బళ్ళకి క్రమశిక్షణ లేదని సరిపెట్టుకునేవాళ్ళు.

ఈ స్కూల్లో మూడో ఆచారం కూడా ఒకటి ఉండేది కాని దాన్ని సూత్రమనలేం. మాస్టారి దగ్గర నేర్చుకున్నవాళ్ళెవరూ లైసెన్సు పరీక్షలో మొదటిసారి పాసవలేదు. పరీక్షప్పుడు మాస్టారి స్థానంలో ఇన్‌స్పెక్టరు కూర్చునేవాడు. కారు ఎందుకో కుడికి కుడికి పోయేది, శిష్యుడు తప్పేవాడు. రెండోసారి మాస్టారు ఇన్‌స్పెక్టరుని బతిమాలి వెనక సీట్లో, తనకి అలవాటైన ఎడమవైపే, కూర్చునేవారు. శిష్యుడు గీత గీసినట్టు తిన్నగా నడిపి పాసయ్యేవాడు. దీనికి మాస్టారి వ్యాఖ్యానం ఒక్కటే. "నేను వెనక ఉన్నానంటే వాడికి గుండె ధైర్యం." ఈ మాట ఆయన పెళ్ళిళ్ళలోనూ, క్షవరం చేయించుకుంటున్నప్పుడూ, అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ చెప్పేవారు. మనిషికి జీవితంలో గర్వపడ్డానికి ఒకటుండాలి. ఆయనకి అదొకటే ఉంది.

ఇంతవరకూ ఎవరికీ ఏ ఇబ్బందీ లేదు. ఇబ్బంది మాస్టారి భార్యకి డ్రైవింగ్ కావలసిరావడంతో మొదలైంది.

ఆవిడ లైబ్రరీలో పనిచేసేది. పుస్తకం ఆలస్యంగా తెచ్చినవాళ్ళని ఏమీ అనదు. కళ్ళజోడు పైనుంచి ఒకసారి చూస్తుంది. జరిమానా కట్టినా ఫరవాలేదు కాని ఆ చూపు పడలేమని జనం గడువులోపే తెచ్చేసేవారు. లైబ్రరీకి ఒక పుస్తకాల వ్యాను ఉంది. ఊరి చివరలకీ, క్వారీల వైపుకీ పుస్తకాలు మోసుకుపోతుంది. ఒకరోజు తోడుకి మనిషి లేకపోతే ఆవిడ వెళ్ళింది. వ్యాను ఒక బంజరులో ఆగి వెనక తలుపులు తెరవగానే, అప్పటిదాకా నరమానవుడు కనిపించని చోట నాలుగు వైపులనుంచీ మనుషులు నడుచుకుంటూ రావడం చూసింది. ఒకావిడ చేతుల పిండి దులుపుకుంటూ వచ్చి, పోయినసారి సగంలో వదిలేసిన నవల రెండో భాగం తెచ్చారా అని అడిగింది. తేలేదు. ఆ రోజునుంచీ లైబ్రరీ కౌంటరు వెనక ఆవిడ కూర్చునే తీరు మారిపోయింది. బస్సు కోసం కూర్చున్నవాళ్ళలా కూర్చునేది.

వ్యాను డ్రైవరు రిటైరవుతున్నాడని తెలిసి పైఆఫీసుకి తనే వెళ్ళి అడిగింది. వాళ్ళు సరేనన్నారు. వచ్చే నెల మొదటికి లైసెన్సు చూపిస్తే వ్యాను నీదే, లేకపోతే పొరుగూరినుంచి మనిషిని వేస్తామన్నారు. అంతకుముందు పరీక్ష ఒక్కసారే ఉంది. తప్పితే మళ్ళీ వెళ్ళే వ్యవధి లేదు.

మాస్టారు ఈ కబురు విని ఏమాత్రం కంగారుపడలేదు. "మొదటిసారి తప్పుతావు. రెండోసారి నేను వెనక కూర్చుంటాను" అన్నారు.

"రెండోసారి లేదండీ."

"అయితే మొదటిసారే కూర్చుంటాను."

ఆ మాటా చెల్లలేదు. ఊరికి కొత్త ఇన్‌స్పెక్టరు వచ్చాడు. పుల్లలాంటి మనిషి, మాట కూడా అంతే. పరీక్షప్పుడు బండిలో నేనూ, నడిపేవాళ్ళూ తప్ప మూడో మనిషి ఉండకూడదన్నాడు. అక్కడితో ఆగలేదు. పూలకొట్టు కుర్రాయన మాస్టారి కార్లో పరీక్షకి వెళ్తే, ఎక్కేముందు ఇన్‌స్పెక్టరు ముందు మూల దగ్గరికి నడిచి, రెండు చేతులూ ఆనించి ఒక్క అదుము అదిమాడు. మాస్టారు ఇది చూసి, తన సంప్రదాయం తెలిసినవాడొకడు దొరికాడని ముచ్చటపడ్డారట. కారు తలూపింది. ఇన్‌స్పెక్టరు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. అది ఆగేదాకా ఓపిగ్గా చూసి, "షాకబ్జర్లు వేయించుకుని రండి. అప్పటిదాకా ఈ బండిలో పరీక్ష లేదు" అని వెళ్ళిపోయాడు. స్కూల్లో చేరినవాళ్ళు స్కూలు బండిలోనే పరీక్షకి రావాలన్నది ఎప్పటినుంచో ఉన్న నియమం. కాబట్టి వేరే బండి తెచ్చుకునే దారీ మూసుకుపోయింది.

మాస్టారు దీన్ని బండికి కాకుండా తనకి జరిగిన అవమానంగా తీసుకున్నారు. బండి బాగానే ఉందనీ, ఇన్‌స్పెక్టరుకే ఏదో లోపం ఉందనీ, ఆ సంగతి పైవాళ్ళకి తెలియజేస్తాననీ వీధిలో నలుగురితో అన్నారు. షాకబ్జర్ల మాట ఎత్తితే వినిపించనట్టు అద్దం తుడిచేవారు. ఆవిడ మాస్టారి చేత నేర్పించుకోవడం మాత్రం ఆపలేదు. రోజూ సాయంత్రం పాత మిల్లు వెనక మైదానంలో ఇద్దరూ తిరిగేవాళ్ళు.

అక్కడే జరిగింది అసలు సంగతి. ఒకరోజు మైదానం పక్కన ఎవరో శిష్యుడు కారు అడ్డదిడ్డంగా నిలిపి ఉంచడం చూసి మాస్టారికి ఒళ్ళు మండింది. వాడికి బుద్ధి చెప్పి వస్తానని దిగారు. ఊరికే కూర్చోవడమెందుకని ఆవిడ ఒక చుట్టు తిరిగింది. బెత్తెడు కుడికి పట్టుకుంటే కారు నేరుగా కుడివైపు పొదల్లోకి పోయింది. వెనక్కి తీసి, స్టీరింగు తిన్నగా పెట్టి చూసింది. కారు తిన్నగా పోయింది. మాస్టారు వచ్చి ఎక్కారు. తిన్నగా పెట్టిన కారు ఎడమకి జారింది.

లైబ్రరీలో పనిచేసేవాళ్ళు ఒకసారి చూసినదాన్ని నమ్మరు. ఆవిడ ఆ సాయంత్రం ఆయన్ని మళ్ళీ మళ్ళీ కిందికి దింపింది. ఒకసారి నిమ్మకాయలకి, ఒకసారి పోస్టు డబ్బాలో ఉత్తరం వేసి రమ్మని, ఒకసారి ఆ ఉత్తరానికి స్టాంపు అంటించామో లేదో కనుక్కుని రమ్మని. దిగిన ప్రతిసారీ కారు తిన్నగా పోయింది. ఎక్కిన ప్రతిసారీ ఎడమకి వంగింది. మర్నాడు భోజనాల దగ్గర, కూర వడ్డిస్తూ మామూలు గొంతుతో చెప్పింది.

"ఏవండీ, మీరు కూర్చుంటే బండి ఎడమకి లాగుతోంది. దిగితే లాగట్లేదు."

"అది రోడ్డు వాలు."

"రోడ్డు మీరు దిగాక కూడా అక్కడే ఉందండీ."

మాస్టారు నీళ్ళ గ్లాసు ఎత్తారు. ఎత్తినవారు తాగకుండానే కింద పెట్టారు. ఆవిడ కూర గిన్నె మీద మూత పెట్టింది. అంతకుమించి అనక్కర్లేదు. కారు ఎడమకి లాగేది తన వల్లయితే, బెత్తెడు కుడికి పట్టడమూ తన వల్లే. తనకన్నా తేలికైన ఇన్‌స్పెక్టర్లు కూర్చున్నప్పుడు శిష్యులు కుడికి పోయి తప్పడమూ తన వల్లే. ఇక రెండోసారి తను వెనక ఎడమవైపు కూర్చోగానే అందరూ పాసవడం ఎవరి వల్లన్నది మిగిలింది. ఇన్నేళ్ళూ గుండె ధైర్యమని చెప్పుకున్నది వట్టి ఒంటి బరువేనా అన్న అనుమానం ఆ గ్లాసు దగ్గర పుట్టింది. మాస్టారు రెండోసారి అన్నం పెట్టించుకోలేదు. ఆ ఇంట్లో ఇది అపూర్వమైన సంఘటన.

సాయంత్రం ఆయనే కారు తీసుకుని బావమరిది షెడ్డుకి వెళ్ళారు. ఊళ్ళో ఉన్న మెకానిక్కుల్లో ఒకడు ఆవిడ సొంత తమ్ముడు. అయినా మాస్టారు బండిని అతని దగ్గరికి తీసుకెళ్ళేవారు కాదు. బావమరిదికి డబ్బివ్వాలంటే చిన్నతనం, ఇవ్వకపోతే ఇంకా చిన్నతనం. బావమరిది జాకీతో బండి ఎత్తి, చక్రం ఊడదీసి, టార్చిలైటు వేసి చూశాడు. చాలాసేపు చూశాడు.

"బావా, కుడిదానికి కాస్తో కూస్తో ఊపిరుంది. ఎడమది పోయి చాలా కాలమైంది. నూనంతా కారిపోయింది, స్ప్రింగు కూడా కుంగిపోయింది. ఎడమవైపు ఎవరు కూర్చుంటారు?"

"నడిపేవాళ్ళు కుడివైపు కూర్చుంటారు" అన్నారు మాస్టారు.

"నేనడిగింది అది కాదు."

మాస్టారు షెడ్డు గోడ మీద వేలాడుతున్న బెల్టుల వైపు చూస్తూ, ఎంతవుతుందని అడిగారు. అక్కడినుంచి ఖర్చు మాట మొదలైంది. షాకబ్జరంటే ఒక గొట్టం, విప్పి ఇంకో గొట్టం బిగిస్తే సరిపోతుందని మాస్టారి ఉద్దేశం. ముందు చక్రాలకి వేసేది అలా ఉండదని బావమరిది చెప్పాడు. గొట్టం చుట్టూ స్ప్రింగు, పైన రబ్బరు దిమ్మ, దిమ్మ కింద బేరింగు, అన్నీ కలిపి ఒక స్తంభం. కారు ముందు భాగమంతా ఆ రెండు స్తంభాల మీదే నిలబడి ఉంటుంది. పాత బండిలో ఏది విప్పినా మిగతావీ పొడిపొడిగా చేతికొస్తాయి కాబట్టి అన్నీ కొత్తవే వేయాలి. అంతా అయ్యాక వీల్ అలైన్‌మెంట్ చేయించాలి. ఇదంతా కలిపి ఎంతవుతుందో బావమరిది నేల మీద సుద్దముక్కతో రాశాడు. పాత ఇనుము కొనేవాడు ఈ కారు మొత్తానికి ఇస్తానన్న దానికన్నా అది ఎక్కువ.

"అంటే మనిషి కన్నా కాళ్ళు ఖరీదా?" అన్నారు మాస్టారు.

"నడవాలంటే అంతే బావా."

"ఎడమది ఒక్కటీ మార్చెయ్. కుడిది బాగుందన్నావుగా."

"ఒక కాలికి కొత్త బూటూ ఒక కాలికి పాత చెప్పూ వేసుకుని ఊరంతా తిరిగిరా. అప్పుడు చూద్దాం."

మాస్టారు సుద్ద గీతల్ని చెప్పు కాలితో మెల్లిగా చెరిపేశారు. సరే చెయ్యమని దానర్థం. స్కూలు బోర్డుకి కొత్త రంగు వేయించడానికి దాచిన డబ్బు అలా నేలపాలయింది.

డబ్బుకి ఒప్పుకున్నంత మాత్రాన వస్తువు దొరుకుతుందని లేదు. స్పేర్ పార్టుల షాపాయన మోడలు పేరు విని, "ఇదింకా ఉందా?" అన్నాడు, చాలాకాలం క్రితం పోయారనుకున్న చుట్టం గురించి అడిగే గొంతుతో. ఆ కంపెనీ ఆ కారుని మానేసి చాలా ఏళ్ళయింది. షాపాయన ఏవేవో ఊళ్ళకి ఫోన్లు చేశాడు. చివరికి ఎక్కడో ఒక గోడౌన్లో దుమ్ము కొట్టుకుని ఉన్నాయని తెలిసి పార్శిల్ వేయించాడు. వచ్చాయి. విప్పి చూస్తే రెండూ ఎడమవే. ఈ సామానులో ఎడమకీ కుడికీ తేడా ఉంటుంది, ఒకదానికి వేసింది ఇంకోదానికి పట్టదు. షాపాయన ఏమాత్రం నొచ్చుకోకుండా, మీకు ముఖ్యంగా పోయింది ఎడమే కదా అన్నాడు. కుడిది మళ్ళీ చెప్పి పంపారు. పరీక్ష దగ్గరపడుతోంది. ఆవిడ కాలెండరు వైపు చూడడం మానేసింది. చూసినా అది మారేది కాదు కాబట్టి.

ఆ రోజుల్లో మాస్టారు నడిచి తిరగాల్సివచ్చింది. ఊళ్ళో సగం మంది శిష్యులే కాబట్టి అడుగు బయటపెడితే ఎవరో ఒకరు కారాపి ఎక్కించుకునేవారు. ఒకరోజు పళ్ళ డాక్టరు ఎక్కించుకున్నాడు. మాస్టారు అలవాటుగా ఎడమ సీట్లో కూర్చుని, మొదటిసారిగా రోడ్డుని చూడడం మాని డాక్టరు చేతుల్ని చూశారు. కొత్త కారు, తన బరువుకి చలించని కారు. అయినా తను కూర్చున్న క్షణంలో డాక్టరు చేతులు స్టీరింగు మీద తమంతట తాము బెత్తెడు కుడికి జరిగాయి. కారు కుడికి పోయింది. డాక్టరు కంగారుగా సర్దుకుని, "మీరు పక్కనుంటే ఇప్పటికీ భయమే మాస్టారూ" అన్నాడు. స్పీడ్ బ్రేకరు దగ్గర ఇద్దరూ కలిసి లేచారు. మాస్టారు ముందు మలుపులోనే దిగిపోయి మిగతా దారంతా నడిచారు.

కుడిది వచ్చింది. ఇక విప్పడమే తరువాయి అనుకున్నారు. కింది బోల్టు ఊడనంది. ఇన్నేళ్ళ వానలూ బురదా కలిసి బోల్టునీ నట్టునీ ఒకటే చేసేశాయి. బావమరిది నూనె పోసి ఒక పూట వదిలేశాడు. సుత్తితో కొట్టాడు. మంట పెట్టి కాల్చాడు. పెద్ద పానా వేసి, దానికి పొడుగాటి ఇనప గొట్టం తొడిగి, దాన్ని పట్టుకుని వేలాడాడు. బోల్టు కదల్లేదు. అతను చెమట తుడుచుకుని, షెడ్డు గుమ్మంలో స్టూలు మీద కూర్చున్న మాస్టారి వైపు కాసేపు చూశాడు.

"బావా, ఇలా వచ్చి ఈ గొట్టం మీద నిలబడు."

మాస్టారు వచ్చి, ఒక చెయ్యి బావమరిది భుజం మీద వేసి, రెండు కాళ్ళూ గొట్టం మీద పెట్టారు. తుపాకీ పేలినట్టు ఒక చప్పుడైంది. బోల్టు వదులైంది.

"పోగొట్టిందీ నువ్వే, విప్పిందీ నువ్వే" అన్నాడు బావమరిది. అందులో వెటకారం ఎంతో మెచ్చుకోలు ఎంతో మాస్టారు తేల్చుకోలేకపోయారు. రెండోవైపు బోల్టుకి మాత్రం పిలవకుండానే వచ్చి నిలబడ్డారు.

స్ప్రింగు విప్పే దగ్గర మాత్రం బావమరిది హాస్యం మానేశాడు. బిగించి ఉన్న స్ప్రింగు జారితే మనిషిని లేపేస్తుందని, అక్కనీ బావనీ రోడ్డు అవతలికి పంపించి ఒక్కడే చేశాడు. ఇద్దరూ అవతల పాన్ షాపు నీడలో నిలబడ్డారు. లోపల ఇనుము కిర్రుమన్నప్పుడల్లా ఆవిడ మాస్టారి చొక్కా చెయ్యి పట్టుకునేది. మాస్టారు కదలకుండా నిలబడేవారు. బరువైన మనిషి పక్కన ఉంటే అదొక నిలకడ అని ఆవిడ తర్వాత ఎప్పుడో చెల్లెలితో అన్నదట.

పరీక్ష ముందురోజు కారుని అలైన్‌మెంట్ షాపుకి తీసుకెళ్ళారు. చక్రాలు తిన్నగా ఉన్నాయో లేదో చూసి సరిచేసే చోటది. అక్కడి మనిషి కారుని గోతి మీద నిలిపి, చక్రాలకి తన సరంజామా తగిలించి, ఎడమ సీట్లో కూర్చుని ఉన్న మాస్టారిని చూశాడు.

"ఈయన ఎప్పుడూ ఇక్కడే కూర్చుంటారా? అలాగైతే ఈయన్ని కూర్చోబెట్టే సెట్ చేస్తా. లేకపోతే దిగమనండి, ఖాళీ బండికి చేస్తా. ఏదో ఒకటి చెప్పండి."

అడిగింది బావమరిదిని. బావమరిది అక్క వైపు చూశాడు. ఆవిడ నేల వైపు చూసింది. మాస్టారు కూర్చుంటే బండి మాస్టారికి సరిపోతుంది. రేపు ఆ సీట్లో కూర్చునేది పుల్లలాంటి ఇన్‌స్పెక్టరు. బండి మళ్ళీ కుడికి పోతుంది, వ్యాను పొరుగూరి మనిషికి పోతుంది. మాస్టారు దిగితే బండి అందరికీ తిన్నగా పోతుంది. అప్పుడు వెనక కూర్చుని గెలిపించిన మాస్టారంటూ ఊళ్ళో ఎవరూ ఉండరు, ఉన్నాడని ఇదివరకు అనుకున్నవాళ్ళు మాత్రం మిగులుతారు. షాపు మనిషికి ఇవేవీ తెలియవు. పానాతో తొడ మీద తాళం వేస్తూ నిలబడ్డాడు.

కారు ఎడమ తలుపు తెరుచుకుంది. మాస్టారు ఒక కాలు, తర్వాత రెండో కాలు బయటపెట్టి, తలుపు పట్టుకుని దిగారు. కొత్త షాకబ్జర్ల మీద కారు ఒక్క ఇసుమంత లేచి, ఆగింది.

"ఖాళీ బండికే చెయ్యండి" అని, టీ తాగి వస్తానని బయటికి వెళ్ళిపోయారు. ఆయన టీ మానేసి అప్పటికి చాలా కాలమైంది.

పరీక్ష రోజున మాస్టారిని లైసెన్సు పరీక్షలు పెట్టే మైదానం లోపలికి రానివ్వలేదు. గోడ బయట నిలబడ్డారు. ఇన్‌స్పెక్టరు ముందు మూలకి నడిచి, నొక్కి, వదిలాడు. కారు లేచింది, ఆగింది. అతను తలూపాడు. ఈసారి తలూపింది అతనొక్కడే. ఆవిడ నడిపింది. గోడ మీదనుంచి మాస్టారికి కారు పైభాగమూ, వెలిసిపోయిన బోర్డూ మాత్రం కనిపించాయి. ఆ బోర్డు కుడికీ పోలేదు, ఎడమకీ పోలేదు. మైదానం ఆ చివరినుంచి ఈ చివరికి దారం లాగినట్టు వచ్చింది. స్పీడ్ బ్రేకరు దగ్గర, అద్దంలోంచి, ఒక తల కొంచెం లేచింది.

ఎందుకు లేచారని ఇన్‌స్పెక్టరు అడిగాడట. మా స్కూల్లో అలా నేర్పారండీ అన్నదట ఆవిడ. బండి ఊగలేదు కదా అన్నాడట. అవునండీ, ఊగలేదు అన్నదట. ఇన్‌స్పెక్టరు పాసన్నాడు. ఆ స్కూలు చరిత్రలో మొదటిసారే పాసైన మొదటి మనిషి ఆవిడే. మాస్టారు ఈ మాటని గోడ బయటే విన్నారు. భార్యని అభినందించి, కారు చుట్టూ ఒకసారి తిరిగి, ఎడమ సీటు తలుపు దగ్గర కాసేపు ఆగి, వెనక తలుపు తీసి కూర్చున్నారు. ఆవిడే ఇంటిదాకా నడిపింది.

మర్నాడు పొద్దున్న మాస్టారు యథాప్రకారం కారుని నొక్కారు. కారు ఒక్కసారి లేచి ఆగిపోయింది. మాస్టారు ఇంకా ఏమైనా జరుగుతుందేమోనని చూశారు. ఏమీ జరగలేదు. ఎదురింటి టైలరు మిషను ఎప్పుడు మొదలుపెట్టాలో తెలియక కాలు తొక్కుడు మీద పెట్టుకుని కూర్చున్నాడు. మా వీధి నాలుగో యుగంలో అడుగుపెట్టింది. "బండి కాస్త బిగుసుకుంది" అని లోపలికి కేకేశారు మాస్టారు. గొంతు పూర్వంలా లేదు.

ఆ రోజు పాఠానికి పూలకొట్టు కుర్రాయన వచ్చాడు. మాస్టారు సీట్లో సర్దుకుని, గొంతు సవరించుకుని, స్టీరింగు తిన్నగా పట్టుకొమ్మన్నారు.

"మొన్నటిదాకా బెత్తెడు కుడికి అన్నారు కదా మాస్టారూ?"

"శాస్త్రం మారింది" అన్నారు మాస్టారు.

మొదటి సూత్రం అలా రద్దయింది. దానికోసం ఆయన బోర్డు రంగు వదులుకున్నారు, ఒక పూట భోజనం సరిగా చేయలేదు, వెనక సీటు కీర్తి వదులుకున్నారు. స్పీడ్ బ్రేకరు సూత్రం మాత్రం ఉంచేశారు. మనిషి ఒకేసారి అన్నీ వదులుకోలేడు.

నెల మొదటి రోజున ఆవిడ వ్యాను తాళాలు తీసుకుంది. లైబ్రరీనుంచి బయలుదేరి మా వీధి మీదుగానే వెళ్ళాలి. మాస్టారు ఇస్త్రీ చొక్కా వేసుకుని గుమ్మంలో నిలబడ్డారు. బావమరిది చేతులు తుడుచుకుంటూ షెడ్డునుంచి వచ్చాడు. టైలరు మిషను ఆపి కిటికీలోకి వచ్చాడు. వ్యాను మలుపు తిరిగి కనిపించింది. కొండలా ఉంది, చాలా పాతది. మాస్టారి ఇంటి ముందు ఒక్క క్షణం ఆగింది. ఎత్తుగా ఉన్న సీట్లోంచి ఆవిడ కిందికి చూసి, ఏవండీ, అన్నం మూతపెట్టి ఉంచాను, మధ్యాహ్నం తినండి అని చెప్పింది. చేతి సంచీలో ఆ నవల రెండో భాగం ఉంది.

వ్యాను కదిలింది. కదలగానే కొంచెం ఎడమకి వాలింది. ఆవిడ స్టీరింగుని బెత్తెడు కుడికి తిప్పి పట్టుకుంది. వ్యాను గీత గీసినట్టు తిన్నగా వీధి చివరిదాకా పోయింది. స్పీడ్ బ్రేకరు దగ్గర తల లేచింది, కూర్చుంది.

మాస్టారు బావమరిది వైపు చూశారు. బావమరిది తన షెడ్డు ఉన్న వైపు చూశాడు.

ఆ వ్యానులో విజ్ఞాన సర్వస్వాలన్నీ ఎడమవైపు అరల్లో ఉంటాయి.